గుచ్చుకోవడం: లేదు

మార్చి 3, సోమవారం

ముందుగా క్షమాపణలు. ఈ నోటుబుక్కు కోసం ప్రాణాలర్పించిన చెట్టుకు, దీన్ని కుట్టిన చేతులకు, నా చేతిరాతను మోయబోతున్న ఈ అమాయకపు గీతలకు, మోకాళ్ళ మీద నిలబడి, తల నేలకానించి (రెండూ ఒకేసారి కష్టమే, అయినా ప్రయత్నిస్తున్నాను) క్షమాపణ వేడుకుంటున్నాను. ఇందులో తత్వం ఉండదు. ప్రేమ ఉంటే గింటే ఇరవయ్యో పేజీ తర్వాత. నా ఘోరాలు మాత్రం దాచకుండా రాస్తాను.

ఇవాళ్టి ఘోరాలు. మా ఆస్పత్రి కౌన్సెలర్ అక్క డబ్బాలోంచి రెండు బిస్కెట్లు దొంగిలించాను. కారిడార్‌లో పెద్ద మేడమ్ వెనకాలే ఆవిడ నడక నడిచాను. ఆవిడ ఆగితే ఆగాను. లిఫ్టు స్టీలు తలుపులో ఆవిడకు నేను మొదటి నుంచీ కనిపిస్తూనే ఉన్నానని తర్వాత తెలిసింది. భూమీ, కాస్త చీలుదూ.

ఇక వార్తలు. నాకు ప్రమోషన్. నిన్నటిదాకా ఈ కంటి ఆస్పత్రిలో అద్దాల నంబరు చూసే ఆప్టోమెట్రిస్టుని. ఇవాళ్టి నుంచి మూడు వారాలు స్టడీ కోఆర్డినేటర్‌ని. అంటే ఒక కుర్చీ, ఒక ఫోను, నూట పన్నెండు ఫైళ్ళు.

పదేళ్ళ క్రితం పెద్ద మేడమ్ నూట పన్నెండు మందికి కంట్లో రింగులు వేశారు. జబ్బు పేరు కెరటోకోనస్. కంటి ముందు గాజుపలకలా ఉండే కార్నియా పల్చబడి, మొనదేలి, ముందుకు పొడుచుకొస్తుంది. దీపానికి తోక మొలుస్తుంది. చందమామ నలుగురవుతాడు. మామూలు అద్దాలు చేతులెత్తేస్తాయి. అప్పుడా పొర మందంలోనే సన్నటి సొరంగం చేసి, గోటి ముక్కంత ప్లాస్టిక్ అర్ధచంద్రాలు రెండు దూరుస్తారు. వాలిపోయిన గుడారంలో బద్దలు దూర్చినట్టు. ఏడాది తర్వాత అందరూ బాగానే ఉంటారట. పదేళ్ళ తర్వాత ఎలా ఉంటారన్నదే అసలు ప్రశ్న అట. దానికి జవాబు మేడమ్ ఒక పెద్ద సభలో చెప్పబోతున్నారు. ఆవిడ జవాబు చెప్పాలంటే నేను మనుషుల్ని వెతికి పట్టుకోవాలి.

పోలీసు ఉద్యోగం చేయాలని చిన్నప్పుడు ఉండేది. తీరింది.

మార్చి 4, మంగళవారం

ఇరవై ఆరు ఫోన్లు. పదకొండు మంది దొరికారు.

ఒకాయన నేను ఇన్సూరెన్సు అమ్మేవాణ్ణనుకుని, తాను చనిపోయానని చెప్పాడు. తన నోటితోనే. ఫైల్లో ఏం రాయాలో తోచక రికార్డు రూము బాబాయిని అడిగాను. (మా అందరికీ ఆయన బాబాయే, జీతాల కాగితం మీద ఏ పేరుందో ఎవరికీ తెలియదు.) మళ్ళీ ఎప్పుడు తీరిగ్గా చనిపోయి ఉంటాడో కనుక్కుని అప్పుడు ఫోన్ చేయరా అన్నాడు బాబాయి.

ఒక డ్రాయింగ్ మాస్టారికి చీకటి పడితే వీధి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయట. ఇబ్బందిగా ఉందా అని అడిగాను. అయ్యో, బాగుంటాయి, వాటిని మాత్రం ముట్టుకోకండి అన్నాడు.

ఇంకొకామె ఫోను వాళ్ళ అత్తగారు ఎత్తింది. రింగుల గురించి అన్నానో లేదో, రింగులా, ఏ రింగులు, పెళ్ళై ఆరేళ్ళైంది, మాకో మాట చెప్పలేదే, ఎక్కడ దాచింది అని మొదలుపెట్టింది. కంట్లో అని చెప్పలేక లైను కట్ చేశాను. ఆ కోడలి క్షేమం కోరి ఒక నిమిషం మౌనం పాటించాను.

మార్చి 6, గురువారం

రాంగ్ నంబర్లు పద్నాలుగు. నా గొంతు బాగుందన్నవాళ్ళు ఒకరు. ఆ ఒకరూ రాంగ్ నంబరే.

మార్చి 10, సోమవారం

ఎనభై తొమ్మిది మంది దొరికారు. చాలామంది బాగున్నారు. రాసేటప్పుడు నాకే కొంచెం గర్వంగా ఉంది, రింగులు నేనేదో నా చేత్తో వేసినట్టు.

ఇవాళ ఒకావిడ దొరికింది. గడియారాలు బాగుచేస్తుంది. బస్టాండు వెనక సందులో, ఒక మేడ మెట్ల కింద షాపు. రింగులు ఎడమ కంటికి. ఎలా ఉందక్కా అని అడిగితే, ఆ కన్ను కొంత కాలంగా మసకే బాబూ అంది. మరి రాలేదేం అన్నాను. ఏడో ఏడు వచ్చినప్పుడు అంతా బాగుంది, ఇక పదో ఏడు రమ్మన్నారు, పదో ఏడు వచ్చే నెల కదా అంది. పైగా ఆవిడ కుడి కంటికి భూతద్దం బిగించుకుని, ఎడమ కన్ను మూసుకుని పనిచేస్తుంది. పొద్దస్తమానం మూసి ఉండే తలుపుకు చెద పడితే ఎవరికి తెలుస్తుంది అని నవ్వింది.

నవ్వు బాగుంది. రేపు పదింటికి రమ్మన్నాను.

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం 1.20

గడ్డం ఆనించమన్నాను. నుదురు ఆనించమన్నాను. మైక్రోస్కోపు సర్ది, సన్నటి వెలుతురు గీతను కంటి మీద వేశాను.

పై రింగు ఉన్నచోటే ఉంది. కింది రింగు ఒక చివర పొరను తినేసి బయటికి వచ్చేసింది. చిరిగిన సాక్సులోంచి గోరు తొంగి చూసినట్టు. చుట్టూ తెల్లటి మచ్చ. మచ్చలోకి పాకిన ఎర్రటి సన్నటి నరాలు. నా నోట్లో అప్పటికే ఒక జోకు సిద్ధంగా ఉంది. మింగాను.

మేడమ్ వచ్చారు. చూశారు. చాలాసేపు చూశారు. ఎన్నాళ్ళ నుంచి గుచ్చుకుంటోందని అడిగారు. మొదట్లో బాగా గుచ్చుకునేది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత తెలియడం మానేసింది అంది ఆవిడ. మొదట్లో అంటే ఎప్పుడన్నారు మేడమ్. ఏడో ఏడు చూపించుకోవడానికి వచ్చానే, అప్పటికే రెండు నెలల నుంచి ఉంది అంది.

మేడమ్‌కు కోపం వచ్చింది. కోపమొస్తే ఆవిడ గొంతు తగ్గుతుంది. అప్పుడే చెప్పి ఉంటే ఆ ఒక్క రింగూ తీసేసేదాన్ని, పది నిమిషాల పని, పొర దానంతటదే మానేది, ఎందుకు చెప్పలేదమ్మా అన్నారు. చెప్పాననుకున్నానే అంది ఆవిడ. మేడమ్ ఫైలు తిప్పి చూపించారు. ఏడో ఏటి కాగితం. నాలుగు గడులు. నొప్పి: లేదు. నీరు కారడం: లేదు. వెలుతురు పడకపోవడం: లేదు. గుచ్చుకోవడం: లేదు.

ఆవిడ కుడి కన్ను కాగితానికి దాదాపు ఆనించి, ఏదో గడియారం లోపలి చక్రం చూసినట్టు, ఒక్కో గడీ చూసింది. తలెత్తింది. అయితే చెప్పలేదన్నమాట అంది. తప్పు నాదే మేడమ్, క్షమించండి అంది.

గడుల కింద రెండు పొడి అక్షరాలున్నాయి. పరీక్ష చేసిన ఇంటర్న్‌వి. మేడమ్ అటు చూడలేదు. నేను చూశాను.

ఆ ఇంటర్న్ ఇప్పుడు ప్రమోషనొచ్చి, వాళ్ళిద్దరి మధ్య ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. తేలు కుడితే ఎలా ఉంటుందో తెలియదు గానీ, కిక్కురుమనకుండా నిలబడటం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుసు.

అదే రోజు, సాయంత్రం 5.00

ఆ ఏడో ఏటి పరీక్ష రోజు నాకు గుర్తు లేదు. మూడేళ్ళయింది. రోజుకు నలభై మంది. ఎవరికి గుర్తుంటుంది?

మార్చి 12, బుధవారం

నిష్పక్షపాతంగా, ఒక న్యాయమూర్తిలా రాస్తాను.

ఇంటర్న్‌గా ఉన్నప్పుడు పొద్దున ఎనిమిదింటికి నలభై ఫైళ్ళు దొంతరగా వచ్చేవి. ఒక్కో ఫైల్లో ఆ నాలుగు గడులు. ఒక్కో గడిలో ఉంది, లేదు. నూటికి తొంభై మందికి నాలుగూ లేదే. కాబట్టి మేము రోగులు రాకముందే, టీ తాగుతూ, నలభై ఫైళ్ళకూ నూట అరవై లేదులు టిక్కు పెట్టేసేవాళ్ళం. ఎవరైనా ఉందంటే అప్పుడు దిద్దుకోవచ్చు కదా. దీనికి ముందస్తు ఆరోగ్యం అని పేరు. ఆ పేరు నేనే పెట్టాను. పేర్లు పెట్టడంలో మనది అందె వేసిన చేయి.

దిద్దడం అంటే ఊరికే గీటు పెట్టడం కాదు. ఒక ఉంది వచ్చిందంటే సీనియర్‌ను పిలవాలి. కంట్లో పసుపు రంగు మందు చుక్క వేయాలి. నీలం దీపం కింద చూపించాలి. స్కాను గదికి పంపాలి. వెనక్కి వచ్చేదాకా కుర్చీ వదలకూడదు. నలభై నిమిషాలు. ఈ లోపల బయట వరస పెరుగుతుంది, లోపల ఆకలి పెరుగుతుంది.

అందరం అలాగే చేసేవాళ్ళం. నేనొక్కణ్ణే కాదు.

అంతే. నేను చేసింది అంతే. టిక్కులు ముందే పెట్టాను. అది తప్పే. కానీ ఆవిడ చెప్పి ఉంటే దిద్దేవాణ్ణే. చెప్పి ఉండదు. ఆవిడే ఒప్పుకుంది కదా, చెప్పలేదని.

అదే రోజు, మధ్యాహ్నం 3.40

మేడమ్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి గడియారాలావిడ వివరాలు ఎక్కించమన్నారు. ఆలస్యానికి కారణం అని ఒక వరస ఉంది. పేషెంట్ లక్షణాలు చెప్పలేదు అని కొట్టు అన్నారు మేడమ్. కొట్టాను. రెండు వేళ్ళతో. మామూలుగా పది వేళ్ళతో కొడతాను.

మార్చి 13, గురువారం

కౌన్సెలింగ్ గది. రెండు కుర్చీలు, ఒక టిష్యూల పెట్టె, ప్లాస్టిక్ కన్ను బొమ్మ ఒకటి. ఆ బొమ్మలోని కార్నియా ఊడి చాలా కాలమైంది. మేమంతా అక్కడ వేలు పెట్టి చూపిస్తుంటాం.

సంగతి ఇది. రింగు తీసేయాలి. తీస్తే అక్కడ కుట్లు వేయడానికి పొర మిగల్లేదు. కాబట్టి అదే పూట వేరే కార్నియా పెట్టాలి. చనిపోయినవాళ్ళు దానం చేసింది. ఆలస్యమైతే ఒక రోజు దగ్గినా తుమ్మినా అక్కడ చిల్లు పడొచ్చు. చిల్లు పడి చీము పట్టిందంటే కన్నే పోవచ్చు. కౌన్సెలర్ అక్క ఇదంతా మెత్తగా, దూదిలో చుట్టి చెప్పింది.

గడియారాల అక్క విని, వద్దు అంది.

భయమా అని అడిగింది కౌన్సెలర్ అక్క. భయం కాదట. ఆవిడ షాపులో ఒక రూలుందట. బాగుచేసి ఇచ్చిన గడియారాన్ని ఎవరైనా నీళ్ళలో ముంచి తీసుకొస్తే మళ్ళీ చేసివ్వదట. వస్తువు మీద శ్రద్ధ లేనివాడికి రెండోసారి చేసిపెడితే ఆ వస్తువుకే అవమానం అంది. మేడమ్ అంత కష్టపడి నాకు కన్ను నిలబెట్టారు, గుచ్చుకుంటోందన్న ఒక్క ముక్క చెప్పలేకపోయాను, ఇప్పుడు ఎవరో పోయి, వాళ్ళ మనుషులు ఏడుస్తూ ఏడుస్తూ ఇచ్చినదాన్ని నేనెలా పుచ్చుకోను, ఎవరైనా ఒబ్బిడి తెలిసినవాళ్ళకు పెట్టండి అంది. లేచి చేతిసంచి తగిలించుకుంది. తలుపు దాకా వెళ్ళి, టైము తీసుకున్నందుకు క్షమించండి అంది.

ఆవిడ వెళ్ళాక కౌన్సెలర్ అక్క నా మీద పడింది. నవ్విస్తావని నిన్ను పిలిచాను, గోడకు కొట్టిన మేకులా నిలబడ్డావేంట్రా అంది. గొంతు నొప్పి అన్నాను. ఇప్పటికి ఇది ఈ వారంలో నాలుగో అబద్ధం. లెక్క పెట్టడం మానేస్తున్నాను.

మార్చి 14, శుక్రవారం

పొద్దున అమ్మ కాఫీ ఇస్తూ, వీడేంటే రెండు రోజుల నుంచి మనిషిలా ఉన్నాడు అంది చెల్లితో. చెల్లి బస్సు కోసం పరిగెత్తే హడావుడిలో, ఒక కాలికి చెప్పు తొడుక్కుంటూ, అన్నయ్య జోకులేస్తే ఏదో దాస్తున్నట్టు, వేయకపోతే దొరికిపోయినట్టు అంది. నేను నవ్వాను. అది నవ్వలేదు. రెండో చెప్పు తొడుక్కుని నా మొహంలోకి ఒక క్షణం చూసి, ఏంటి నిజంగానే దొరికిపోయావా అంది. బస్సు హారను కొట్టింది. పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ వ్యవస్థకు నా కృతజ్ఞతలు.

మార్చి 15, శనివారం

ఆవిడ షాపుకు వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. టిక్కుల సంగతి చెబుదామని.

ఊరికే వెళ్తే బాగుండదని నా వాచీ పిన్ను బయటికి లాగి ఆపి తీసుకెళ్ళాను. మెట్ల కింద ఒక మనిషి పట్టేంత చోటు. గాజు బల్ల. బల్ల మీద చిన్న చిన్న మూతల్లో స్క్రూలు, చక్రాలు, అన్నిటి మీదా బోర్లించిన గ్లాసులు, దుమ్ము పడకుండా. ఎవరి వాచీకి వాళ్ళ చీటీ. ఇంత శ్రద్ధ ఉన్న బల్లను నేను ఆపరేషన్ థియేటర్లో తప్ప చూడలేదు.

ఆవిడ వాచీ అందుకుంది. భూతద్దం కూడా పెట్టుకోలేదు. ఇది ఆగలేదు బాబూ, ఆపారు అంది. గోటితో పిన్ను లోపలికి నొక్కింది. నడిచింది.

నాకు అప్పుడే చెప్పాలనిపించింది. కూర్చో అని స్టూలు లాగింది. కూర్చున్నాను. చెప్పలేదు. ఆవిడే చెప్పుకొచ్చింది. మూడేళ్ళుగా నేను చెప్పానన్న నమ్మకంతోనే ఉన్నాను బాబూ, ఎప్పుడు గుచ్చుకున్నా, చెప్పాను కదా, చూశారు కదా, బాగుందన్నారు కదా అని ఊరుకునేదాన్ని, తీరా చూస్తే చెప్పనే లేదు, నా మతి మీద నాకే నమ్మకం పోయింది అంది. నిన్న ఒకాయన వాచీ ఇంకొకాయనకు ఇచ్చేశానేమోనని చీటీ మూడుసార్లు చూసుకుందట. షట్టరు తాళం వేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వచ్చిందట. ఇదివరకు ఇట్లా లేనమ్మా, అదే, లేను బాబూ అని తనను తానే దిద్దుకుంది.

తర్వాత అంది, నీ గొంతు వింటే ఏడో ఏడు పరీక్ష చేసిన అబ్బాయి గుర్తొస్తాడు, ఎంత నవ్వించాడో, బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను, పక్కనున్నాయన జరిగి కూర్చున్నాడు అంది. మొహం గుర్తు లేదట. మందు వేస్తారేమోనని కళ్ళు సగం మూసుకునే ఉందట. ఎక్కడున్నాడో, చల్లగా ఉండాలి అంది.

ఇంటర్నులు వస్తుంటారు, పోతుంటారక్కా అన్నాను.

నిజమే. కొందరు పోరు.

మార్చి 17, సోమవారం

మేడమ్ స్లైడ్లు తయారయ్యాయి. ఏడో స్లైడు పేరు: నిర్లక్ష్యం, రోగి వైపు నుంచి. పక్కనే ఒక ఫోటో. ఎవరిదో పేరుండదు. కన్ను మాత్రమే. నేనే తీశాను, ఫోకస్ బాగా కుదిరింది.

మార్చి 18, మంగళవారం, ఉదయం 11.00

కార్నియా వచ్చింది. ఐ బ్యాంకు నుంచి, ఐసు పెట్టెలో, చిన్న సీసాలో. ఇచ్చినవాళ్ళెవరో మాకు చెప్పరు. వయసు మాత్రం రాస్తారు. గడియారాల అక్క వయసే.

శుక్రవారం దాటితే ఇది పనికిరాదు. ఆవిడకు ఫోన్ చేశారు. రానంది. మేడమే స్వయంగా మాట్లాడారు. మేడమ్ ఎవరినీ బతిమాలరు. ఇవాళ బతిమాలారు. వినమ్మా, ఏదో చెప్పడం మర్చిపోయావు, మనుషులం కదా, దానికి కన్ను పోగొట్టుకుంటావా అన్నారు. స్పీకర్లో ఆవిడ గొంతు. మీరు మంచివాళ్ళు కాబట్టి అలా అంటున్నారు మేడమ్ అంది. రేపు పొద్దున ఒక్కసారి వచ్చి, వద్దని సంతకం పెట్టి వెళ్తానంది. వద్దన్నా సంతకం పెట్టాలి. ఆ ఫారం వేరే ఉంది.

ఫోన్ పెట్టేసి, ఇలాంటి మనిషి చెప్పడం మర్చిపోయిందంటే నమ్మబుద్ధి కావడం లేదు అన్నారు మేడమ్. నా వంక చూడలేదు. గోడ వంక చూసి అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకూడదని, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం 2.15

మొన్న బుధవారం న్యాయమూర్తిలా రాశానే, ఆ పేజీ మళ్ళీ చదివాను. ఈ డైరీ ఎవరూ చదవరు. చెల్లి కూడా. సొరుగుకు తాళం ఉంది. అయినా అబద్ధం రాశాను. ఎవరి కోసం రాశానో అర్థం కావడం లేదు. నాకు నేను కూడా ముందస్తు ఆరోగ్యం చేసిపెట్టుకున్నానన్నమాట.

ఆ రోజు నాకు గుర్తుంది. మొదటి నుంచీ గుర్తుంది. ఆవిడ కట్టుకున్న చీర రంగు కూడా.

మార్చి 19, బుధవారం, మధ్యాహ్నం 12.30

చెప్పాను.

తొమ్మిదింటికి రికార్డు రూముకు వెళ్ళాను. అదే ఫైలు ఎన్నోసారి తీస్తావురా, పెళ్ళి చూపులా అన్నాడు బాబాయి. నా మొహం చూసి ఇంకేమీ అనకుండా ఇచ్చాడు. మేడమ్ గదికి వెళ్ళి, తలుపు వేసి, నిలబడే చెప్పాను. జోకు లేకుండా ఒక విషయం మొదటి నుంచి చివరి దాకా చెప్పడం నా జీవితంలో ఇదే మొదటిసారి. నాలుగు నిమిషాలు పట్టింది.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నా మొహం స్పష్టంగా కనిపించకూడదని అనుకుంటాను. అరవలేదు. నూట పన్నెండు ఫైళ్ళలో నీ అక్షరాలు ఎన్నిటి మీద ఉన్నాయని అడిగారు. పందొమ్మిది అన్నాను. ముందే లెక్కపెట్టుకున్నాను. ఆ పందొమ్మిది మందినీ మళ్ళీ పిలువు, ఈసారి అడిగి రాయి అన్నారు. మిగతా ఇంటర్నులవీ చూడాలి అన్నారు. సభవాళ్ళకు ఫోన్ చేసి పేపరు చదవడం లేదని చెప్పమన్నారు. నీ ఉద్యోగం సంగతి తర్వాత అన్నారు. పాత రాత చెరపొద్దు, దాని మీద ఒక్క గీత గీసి, కింద అసలు జరిగింది రాసి, ఇవాళ్టి తేదీ వేసి, పూర్తి పేరుతో సంతకం పెట్టు అన్నారు. రాశాను. పొడి అక్షరాలు కాదు. పూర్తి పేరు.

ఇది ఆవిడకు నేను చెప్పను, నువ్వే చెప్పాలి, నేను పక్కన నిలబడతాను, ఒక్క మాట కూడా సాయం చేయను అన్నారు.

పదిన్నరకు గడియారాల అక్క వచ్చింది, వద్దని సంతకం పెట్టడానికి. కౌన్సెలింగ్ గదిలో ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఏడో ఏడు మిమ్మల్ని చూసిన అబ్బాయిని నేనే అన్నాను. అవునా అని మొహం విప్పారింది. ఆ విప్పారడం ఉందే. అది ఆరిపోయేదాకా నేనే చెబుతూ కూర్చోవాలి. చెప్పాను. ఫైల్లో రాసింది చదివి వినిపించాను.

ఆవిడ చేతిసంచి ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది. అయితే నా మతి బాగానే ఉందన్నమాట అంది. నాతో కాదు, మేడమ్‌తో. అవునమ్మా అన్నారు మేడమ్. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. రెండోసారి మధ్యలో ఆగాను. ఆవిడ ఎదురుచూసింది. తొందరపెట్టలేదు, సాయం చేయలేదు. చివరి దాకా చదివించింది.

తర్వాత, వద్దనే కాగితం పక్కకు జరిపి, రెండో కాగితం, సరేననేది, ఎక్కడుందని అడిగింది. కౌన్సెలర్ అక్క పరిగెత్తి తెచ్చింది. ఆవిడ కాగితానికి కుడి కన్ను ఆనించి, ప్రతి లైనూ చదివి, సంతకం పెట్టింది. కింద రాసి ఉన్న ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా గట్టిగా అడగమంది. తన జవాబు తన ఎదుటే రాయమంది. నొప్పి ఉందా. నీరు కారుతోందా. అన్నీ. కౌన్సెలర్ అక్క రాసింది.

లేస్తూ నా వైపు తిరిగింది. క్షమించాను అంటుందేమోనని ఒక్క క్షణం, సిగ్గు లేకుండా, ఎదురుచూశాను.

రేపు ఆపరేషనప్పుడు ఆ గదిలో మీరు ఉండొద్దు అంది.

శనివారం దాకా నువ్వు. బాబూ. ఇవాళ మీరు.

సరేనన్నాను. వాళ్ళిద్దరికీ నేను చెప్పింది, ఫైల్లో రాసింది, ఇక్కడ మాత్రం ఇంకా రాయలేకపోతున్నాను. రేపు.

మార్చి 20, గురువారం, ఉదయం 9.10

ఆవిడ లోపల ఉంది. నేను కింది అంతస్తులో ఉన్నాను.

ఎడమ కన్ను, ఏడో ఏడు. కుర్చీలో కూర్చోగానే, బాబూ, కింది వైపు ఏదో గుచ్చుకుంటోంది అంది. ఏడేళ్ళుగా రింగు మీ కంట్లో అద్దెకుంటోంది, గోడకు ఒక్క మేకైనా కొట్టుకోదా అక్కా అన్నాను. పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక, కాదు బాబూ, నిజంగానే గుచ్చుకుంటోంది అంది. నా పెన్ను ఆ గడి మీదే ఉంది. లంచ్‌కు అయిదు నిమిషాలుంది.

విన్నాను. రెండుసార్లూ విన్నాను. ఫైలు మూశాను.